నిద్రను మళ్ళీ నేర్చుకోవచ్చు

రాత్రి పదిన్నర కావస్తోంది. వరండాలో పడక కుర్చీలో వాలి పత్రిక చదువుతున్న హైస్కూలు ఉపాధ్యాయునికి కళ్ళు మూతలు పడుతున్నాయి. పత్రిక చేతిలోంచి జారి కింద పడింది. "కుర్చీలో ఆ కునికిపాట్లు ఏమిటండీ? లోపలికి వెళ్ళి హాయిగా పడుకోండి" అంటుంది భార్య. ఆయన లేచి గదిలోకి వెళ్ళి, దీపం ఆర్పి, మంచం మీద మేను వాలుస్తాడు. అంతే. ఎవరో భుజం తట్టి లేపినట్లు మెలకువ వచ్చేస్తుంది.

ఆ తరువాత జరిగేదంతా ఆయనకు కంఠోపాఠమే. అటు ఒత్తిగిలడం, ఇటు ఒత్తిగిలడం, దిండు తిరగవేయడం. గోడ గడియారం ఒంటిగంట కొడుతుంది. "ఇప్పుడు నిద్ర పట్టినా అయిదు గంటలే మిగిలింది" అని లెక్క వేస్తాడు. రెండు కొట్టేసరికి ఆ అయిదు నాలుగవుతుంది. రేపు మొదటి పీరియడులో తొమ్మిదో తరగతి పిల్లల ముందు ఎలా నిలబడటమా అన్న బెంగ పట్టుకుంటుంది. ఏ తెల్లవారుజామునో రెప్ప వాలుతుంది. కాసేపటికే పాలవాడి సైకిలు గంట మోగుతుంది.

ఈ ఉపాధ్యాయుడు కల్పిత వ్యక్తి. కాని ఆయన వంటివారు లేని వీధి ఉండదు. ఆయన నిద్ర చెడటానికి ఒకప్పుడు న్యాయమైన కారణమే ఉంది. నాలుగేళ్ళ క్రితం కుమార్తె వివాహం కుదిరింది; చేతిలో డబ్బు చాలలేదు; అప్పు కోసం తిరిగిన ఆ రెండు నెలలూ రాత్రుళ్ళు కంటిమీద కునుకు లేదు. తరువాత పెళ్ళి జరిగింది, అప్పు తీరింది, మనుమడు కూడా పుట్టాడు. పోయిన నిద్ర మాత్రం తిరిగి రాలేదు. కారణం తొలగిపోయినా కార్యం ఎందుకు మిగిలిపోయింది?

దీనికి నిద్రాశాస్త్రం చెప్పే సమాధానం మొదట వింతగా తోస్తుంది. ఆ రెండు నెలల్లో ఆయన తనకు తెలియకుండానే ఒక విద్య నేర్చుకున్నాడు. మంచం మీద మేలుకొని ఉండటమే ఆ విద్య. నేర్చుకున్నది ఏదైనా మరచిపోవచ్చు. దాని స్థానంలో మరొకటి నేర్చుకోవచ్చు. నిద్రలేమితో సంవత్సరాల తరబడి వేగుతున్నవారికి ఇంతకంటే ఆశ కలిగించే మాట మరొకటి లేదు.

చింత వల్ల నిద్ర పట్టకపోవడం మానవునికి సహజం. మహాభారతంలో ఉద్యోగపర్వంలోని ఒక భాగానికి ప్రజాగర పర్వమనే పేరు. ప్రజాగరమంటే మేలుకొని ఉండటం. పాండవుల వద్ద నుంచి వచ్చిన సంజయుడు తెచ్చిన సందేశాన్ని మరునాడు సభలో చెబుతానని వెళ్ళిపోగా, ధృతరాష్ట్రునికి ఆ రాత్రి నిద్ర పట్టదు. విదురుని పిలిపిస్తాడు. బలవంతునితో విరోధం తెచ్చుకొన్నవానికి, సొమ్ము పోగొట్టుకొన్నవానికి, కాముకునికి, దొంగకు నిద్ర ఉండదని విదురుడు మొదలుపెడతాడు. విదురనీతిగా ప్రసిద్ధమైన ఆ ప్రసంగమంతా ఒక నిద్రలేని రాత్రి ఫలమే.

ధృతరాష్ట్రునిది కారణం గల జాగరణ. అటువంటి రాత్రులు కొన్ని గడచినంతమాత్రాన ఎవరూ కంగారుపడనక్కరలేదు. పడుకునే వీలూ వేళా ఉండి కూడా వారంలో కనీసం మూడు రాత్రులు నిద్ర సరిగా పట్టక, పగటి పనులు దెబ్బతింటూ, ఆ స్థితి మూడు నెలలు దాటితే దానిని వైద్యులు దీర్ఘకాలిక నిద్రలేమిగా పరిగణిస్తారు. ఉపాధ్యాయుని బాధ ఈ రెండవ రకానిది.

ఒకటి రెండవదిగా ఎలా మారుతుందో 1987 లో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఆర్థర్ స్పీల్‌మన్ సులభంగా వివరించాడు. నిద్రలేమికి మూడు రకాల హేతువులు ఉంటాయి. మొదటిది మనిషి స్వభావం: కొందరు పుట్టుకతోనే సులభంగా కలవరపడతారు, చీమ చిటుక్కుమన్నా లేస్తారు. రెండవది తక్షణ కారణం: జబ్బు, అప్పు, ఇంట్లో చావు, ఉద్యోగంలో బదిలీ. మూడవది, అన్నింటికంటే ముఖ్యమైనది, నిద్ర పోయిన తరువాత దానిని తిరిగి సంపాదించాలని మనిషి చేసే పనులు. పోయిన నిద్ర పూడ్చుకోవాలని పెందలాడే పడుకోవడం, ఉదయం ఆలస్యంగా లేవడం, మధ్యాహ్నం కునుకు తీయడం, పగలు నెట్టుకురావడానికి కాఫీ మీద కాఫీ తాగడం. ఒక్కొక్కటీ చూడటానికి తెలివైన పనిగానే కనిపిస్తుంది. కాని తక్షణ కారణం వెళ్ళిపోయాక నిద్రలేమిని పెంచి పోషించేవి ఇవే.

ఈ మూడవ హేతువు వెనుక మరొకటి దాగి ఉంది. దానిని అర్థం చేసుకోవాలంటే ఒకసారి రష్యాకు వెళ్ళాలి. జీర్ణక్రియ మీద పరిశోధనలకు 1904 లో నోబెల్ బహుమతి పొందిన ఇవాన్ పావ్‌లోవ్ ప్రయోగశాలలో కుక్కలకు ఆహారం పెట్టేముందు ప్రతిసారీ ఒక శబ్దం వినిపించేవారు. కొన్నాళ్ళకు ఆహారం లేకపోయినా ఆ శబ్దం వినగానే కుక్కల నోట లాలాజలం ఊరింది. రెండు విషయాలు పదేపదే జంటగా ఎదురైతే శరీరం వాటిని ముడివేసుకుంటుంది.

హాయిగా నిద్రించే మనిషికి మంచం అటువంటి సంకేతమే. మంచం, దిండు, చీకటి — ఇవి కలిసి "నిద్రకు వేళయింది" అని శరీరానికి చెబుతాయి. కాని నెలల తరబడి అదే మంచం మీద దొర్లుతూ, అప్పులు లెక్కపెట్టుకుంటూ, గడియారం చూసుకుంటూ గడిపినవానికి ఆ ముడి మారిపోతుంది. మంచం ఎక్కగానే గుండె వేగం పెరుగుతుంది, మనసు పనిలోకి దిగుతుంది. కుర్చీలో తూగినవాడు మంచం మీద మేలుకోవడానికి రహస్యం ఇదే. ఇంట్లో నిద్రలేని మనిషి రైలు బెర్తు మీదనో, చుట్టాల ఇంట చాప మీదనో, నిద్ర మీద పరిశోధన చేసే ప్రయోగశాలలోనో చక్కగా నిద్రపోవడం కూడా నిపుణులు తరచు గమనించిన విషయమే. ఆ కొత్త చోటికి పాత ముడి లేదు.

ఈ ముడిని విప్పే పద్ధతిని అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న రిచర్డ్ బూట్‌జిన్ 1972 లో ప్రతిపాదించాడు. అందులో మందు లేదు, యంత్రం లేదు. కొద్దిపాటి నియమాలు మాత్రమే ఉన్నాయి.

నిద్ర ముంచుకు వస్తున్నప్పుడే మంచం ఎక్కాలి. అలసట వేరు, నిద్ర వేరు. ఒళ్ళు అలసినా కళ్ళు మూతపడనివాడు ఇంకా కూర్చునే ఉండాలి. మంచాన్ని నిద్రకూ, దాంపత్యానికీ తప్ప మరి దేనికీ వాడరాదు. మంచం మీద చదవడం, తినడం, టెలివిజన్ చూడటం, ఈనాడైతే చేతిలో ఫోను పట్టుకోవడం కూడా నిషిద్ధమే. పడుకున్నాక పావుగంట, ఇరవై నిమిషాలు గడిచినట్లు తోచినా నిద్ర రాకపోతే లేచి మరొక గదిలోకి వెళ్ళాలి. గడియారం చూడనక్కరలేదు, అంచనా చాలు. నిద్ర ముంచుకు వచ్చినప్పుడే మళ్ళీ మంచం చేరాలి. అప్పుడూ రాకపోతే మళ్ళీ లేవాలి, ఎన్నిసార్లయినా ఇంతే. రాత్రి ఎలా గడిచినా, ఆదివారమైనా పండుగైనా, ఉదయం ఒకే వేళకు లేవాలి. పగటి నిద్ర కూడదు.

వినడానికి ఇవి చిన్నపిల్లలకు చెప్పే మాటల వలె ఉంటాయి. ఆచరణలో మాత్రం మొదటి రాత్రులు పరీక్షగానే ఉంటాయి. చలి రాత్రి దుప్పటి వదిలి నాలుగైదుసార్లు లేవడం ఎవరికీ ఇష్టం ఉండదు. "పడుకుంటే నిద్ర లేకపోయినా విశ్రాంతి అయినా దక్కుతుంది కదా" అని మనసు బేరమాడుతుంది. ఆ బేరానికి ఒప్పుకుంటే పాత ముడి మరింత బిగుస్తుంది. లేచిన ప్రతిసారీ శరీరానికి ఒక పాఠం అందుతుంది: ఈ మంచం మేలుకొని ఉండే చోటు కాదు.

మరొక గది ఎక్కడిది అన్న ప్రశ్న మన దేశంలో సహజమే. ఒకే గదిలో అయిదుగురు పడుకునే ఇళ్ళు కోకొల్లలు. గది ముఖ్యం కాదు, మంచం విడవడం ముఖ్యం. వంటింటి గడప దగ్గర ఒక పీట, వరండాలో ఒక కుర్చీ, గోడవారగా పరచిన చాప ఏదైనా సరిపోతుంది. అక్కడ మసక వెలుతురులో విసుగు పుట్టించే పని చేయాలి: బట్టలు మడత పెట్టడం, ఎప్పుడో చదివేసిన పుస్తకం తిరగవేయడం, జపమాల తిప్పడం. అపరాధ పరిశోధక నవల పనికిరాదు. ఫోను అసలే పనికిరాదు.

మంచంతో ముడిని సరిచేయడం సగం పని. మిగిలిన సగాన్ని ఒక తెలుగు సామెత ఏనాడో చెప్పింది. ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు. కడుపు కాలుతున్నవాడు కూరలో ఉప్పు సరిచూడడు. అదే విధంగా నిద్ర బాగా పేరుకున్నవానికి బస్తాల మీదనైనా నిద్ర పడుతుంది. నిద్ర రావడానికి పరుపుల కంటే, పరిమళాల కంటే, నిద్ర ఆకలి ముఖ్యం. మేలుకొని ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం క్రమంగా పేరుకుంటుంది; నిద్రలో తగ్గుతుంది. ఈ ఆకలికి కారణమైన వాటిలో అది ముఖ్యమైనది. మధ్యాహ్నం గంటసేపు నిద్రించినవాడు భోజనానికి ముందు చిరుతిండితో కడుపు నింపుకున్నవానితో సమానం. ఇక కాఫీ చేసేది మరొక మోసం. అందులోని కెఫీన్ అడినోసిన్ పనిచేసే చోట్లను ఆక్రమించి, ఆకలి తెలియకుండా చేస్తుంది. శరీరంలో చేరిన కెఫీన్‌లో సగం తగ్గడానికే సుమారు అయిదు గంటలు పడుతుంది. సాయంత్రం ఆరు గంటలకు తాగిన ఫిల్టరు కాఫీలో సగం రాత్రి పదకొండు గంటలకు కూడా ఒంట్లో ఉంటుంది.

ఈ ఆకలికి తోడు శరీరంలో ఒక గడియారం కూడా ఉంది. షికాగో విశ్వవిద్యాలయంలో నిద్ర మీద పరిశోధన చేసిన నథానియల్ క్లైట్‌మన్ 1938 లో తన శిష్యుడు బ్రూస్ రిచర్డ్‌సన్‌తో కలిసి కెంటకీ రాష్ట్రంలోని మామత్ గుహలో 32 రోజులు నివసించాడు. సూర్యకాంతి చొరని ఆ గుహలో వారు 28 గంటలను ఒక దినంగా పాటించారు. యువకుడైన శిష్యుని శరీరం ఆ కొత్త దినానికి అలవాటుపడింది. నలభై దాటిన గురువు శరీరం మాత్రం 24 గంటల లెక్కను వదలలేదు. లోపలి గడియారం యజమాని ఆజ్ఞను అంత తేలికగా వినదు. దానిని సరిగా నడిపించేవి రెండు: ఉదయపు వెలుతురు, ప్రతిదినం ఒకే వేళకు నిద్ర లేవడం. పడుకునే వేళను ఎవరూ శాసించలేరు. లేచే వేళను శాసించవచ్చు.

నిద్ర ఆకలినీ, ఈ గడియారాన్నీ కలిపి స్పీల్‌మన్ 1987 లోనే ఒక చికిత్సను ప్రకటించాడు. అది మంచం మీద గడిపే కాలాన్ని కుదించడం. ఉపాధ్యాయుడు రాత్రి పదిన్నర నుంచి ఉదయం ఆరు వరకు, అంటే ఏడున్నర గంటలు మంచం మీద ఉంటాడు. రెండు వారాలపాటు ఒక నోటు పుస్తకంలో వ్రాసుకుంటే, ఒక రాత్రి నాలుగు గంటలు, ఒక రాత్రి ఏడు గంటలు, సగటున అయిదున్నర గంటలు నిద్రపోతున్నట్లు తేలిందనుకుందాం. మంచం మీద గడిపిన కాలంలో నిద్ర నూటికి 73 వంతులే. ఇక మీదట ఆయన మంచానికి అయిదున్నర గంటలే కేటాయించాలి. లేచే వేళ ఆరు గంటలే కనుక, పన్నెండున్నర వరకు మంచం ఎక్కరాదు.

మొదటి వారం కష్టంగానే గడుస్తుంది. పగలు మత్తుగా ఉంటుంది. కాని ఆకలి పేరుకొనే కొద్దీ మంచం ఎక్కగానే నిద్ర పడుతుంది. ముక్కలు ముక్కలుగా ఉన్న నిద్ర అతుక్కొని గాఢమవుతుంది. నిద్ర నూటికి 85 నుంచి 90 వంతులకు చేరితే పడుకునే వేళను పావుగంట ముందుకు జరపాలి. అలా వారానికి పావుగంట చొప్పున, పగలు చురుకుగా ఉండటానికి చాలినంత నిద్ర కుదిరే వరకు సాగాలి. ఎంత తక్కువ నిద్రించేవారైనా మంచం మీద కాలాన్ని అయిదు గంటలకంటే తగ్గించరాదు. బస్సులు, లారీలు నడిపేవారు, యంత్రాల వద్ద పనిచేసేవారు, మూర్ఛవ్యాధి గలవారు, మనసు ఉద్రేకానికీ కుంగుబాటుకూ మధ్య ఊగిసలాడే జబ్బు ఉన్నవారు వైద్యుని పర్యవేక్షణ లేకుండా ఈ పద్ధతి జోలికి పోరాదు.

ఇంత చేసినా ఒక శత్రువు మిగిలి ఉంటాడు: ప్రయత్నం. ప్రపంచంలో చాలా పనులు ప్రయత్నిస్తే నెరవేరుతాయి. నిద్ర మాత్రం ప్రయత్నిస్తే పారిపోతుంది. వియన్నా వైద్యుడు విక్టర్ ఫ్రాంకెల్ ఇటువంటివారికి ఒక విపరీతమైన సలహా చెప్పేవాడు. నిద్రపోవాలని ప్రయత్నించవద్దు, వీలైనంతసేపు మేలుకొని ఉండాలని ప్రయత్నించండి. చీకట్లో కళ్ళు తెరచి మేలుకొని ఉండటమే పనిగా పెట్టుకున్నవానికి నిద్ర రాలేదన్న భయం ఉండదు. భయం పోగానే నిద్ర తానుగా వస్తుంది.

ఆ భయం చాలావరకు అతిశయోక్తి మీద నిలిచి ఉంటుంది. దీర్ఘకాలంగా నిద్రలేమితో బాధపడుతున్నామని చెప్పిన 122 మందిని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ప్రయోగశాలలో పరీక్షించి 1976 లో ఫలితాలు ప్రకటించారు. వారిలో ఎక్కువమంది తమకు నిద్ర పట్టడానికి పట్టిన కాలాన్ని ఎక్కువగా, నిద్రించిన కాలాన్ని తక్కువగా అంచనా వేశారు. వారు అబద్ధం చెప్పారని కాదు. చీకట్లో మేలుకొన్న నిమిషం గంటగా తోస్తుంది. "నిన్న రాత్రి రెప్ప వేయలేదు" అనే మనిషి తరచు తాను ఎరగని నిద్రను కొంత పొందే ఉంటాడు. కనుక పడక గదిలోని గడియారాన్ని గోడవైపు తిప్పడం ఖర్చులేని చికిత్స.

మరి నిద్రమాత్ర మాటేమిటి? 1903 లో జర్మనీలో ఎమిల్ ఫిషర్, జోసెఫ్ ఫాన్ మేరింగ్ బార్బిటాల్‌ను నిద్రమందుగా పరిచయం చేశారు. ఆ కుటుంబానికి చెందిన మందులు దశాబ్దాలపాటు రాజ్యమేలాయి; మోతాదు మించితే ప్రాణం తీస్తాయి, అలవాటుపడితే వదలవు. 1960 దశకంలో వాటికంటే సురక్షితమైన మరొక జాతి మాత్రలు వచ్చాయి. అవి కొద్దిరోజుల ఆపదకు అక్కరకు వస్తాయి. కాని నెలల తరబడి వాడితే పట్టు సడలుతుంది; హఠాత్తుగా మానితే నిద్రలేమి మునుపటికంటే తీవ్రంగా తిరగబడుతుంది. రాత్రివేళ లేచిన వృద్ధులు ఆ మత్తులో తూలి పడిపోయే ప్రమాదం ఉంది. అన్నింటికంటే నష్టం మరొకటి. మాత్ర మింగి నిద్రించిన ప్రతి రాత్రీ "మాత్ర లేనిదే నాకు నిద్ర లేదు" అనే పాఠాన్ని మనిషి ఇంకొంత గట్టిగా నేర్చుకుంటాడు. ఇప్పటికే మాత్రలకు అలవాటుపడినవారు మాత్రం వాటిని ఒక్కసారిగా మానరాదు. వైద్యుడు చెప్పిన క్రమంలో కొద్దికొద్దిగా తగ్గించుకోవాలి.

బూట్‌జిన్, స్పీల్‌మన్ పద్ధతులనూ, భయాలను సరిదిద్దే సంభాషణనూ కలిపిన చికిత్స ఈనాడు ప్రపంచమంతటా అంగీకారం పొందింది. దీర్ఘకాలిక నిద్రలేమి గల పెద్దవారందరికీ మొదట ఈ చికిత్సనే ఇవ్వాలని 2016 లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ సిఫారసు చేసింది. మాత్రల ఆలోచన ఆ తరువాతిదే.

అయితే ప్రతి నిద్రలేమీ అలవాటు కాదు. బిగ్గరగా గురకపెడుతూ మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేచేవారు, రాత్రి కాగానే కాళ్ళలో చెప్పలేని గుంజుడు కలిగేవారు, థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేస్తున్నవారు, తెల్లవారుజామునే మేలుకొని జీవితం మీద ఆశ కోల్పోతున్నవారు ముందు వైద్యుని చూడాలి. ఆ వ్యాధులకు వేరే చికిత్సలు ఉన్నాయి.

ఇక ఉపాధ్యాయుని సంగతి. ఈ నియమాలను పాటించడానికి ఆయన పూనుకున్నాడనుకుందాం. మొదటి రాత్రి మూడుసార్లు లేచి వరండాలో కూర్చున్నాడు. "మీకేమైనా మతి పోయిందా?" అంటుంది భార్య. ఆదివారం కూడా ఆరు గంటలకే లేచి, ఎండ పొడలో పెరటి మొక్కలకు నీళ్ళు పోశాడు. సాయంత్రం కాఫీ మానాడు. రెండవ వారం ఒకటి రెండు రాత్రులు బాగా గడిచాయి. మూడవ వారం మళ్ళీ ఒక చెడ్డ రాత్రి వచ్చింది. ఈ మలుపు దగ్గరే చాలామంది నిరాశపడి పాత పద్ధతికి పోతారు. పోరాదు. సైకిలు నేర్చుకునే కుర్రవాడు ఒకసారి పడ్డాడని ఆ విద్య తనకు అబ్బదనుకోడు. నిద్రను తిరిగి నేర్చుకునేవారికి కూడా వారాలు పడతాయి, అప్పుడప్పుడు పాటు తప్పదు.

ఒకనాటి రాత్రి ఆయన పన్నెండు గంటలకు మంచం ఎక్కుతాడు. గోడవైపు తిరిగి ఉన్న గడియారం ఒంటిగంట కొడుతుంది. ఆ గంట ఆయనకు వినిపించదు.